బాకీ

రాత్రి రెండున్నరకు ముహర్రక్ సందుల
తందూరు మూత తీస్తే
ముందుగాల నా మొఖమే ఎర్రగైతది,
ఆ తర్వాతనే రొట్టె.

ఈ నెల జనం తెగుత లేరు.
ఫోన్లల్ల సైరన్ మోగినకాడి నుంచి
ఇంటికి పది రొట్టెలు కొనేటోళ్ళు ఇరవై కొంటున్నరు.
మొన్న ఆకాశంల ఏదో పగిలింది,
నిప్పురవ్వలు సముద్రం దిక్కు జారినయి.
వరుసల నిలబడ్డ పిలగాడు లెక్కపెడ్తుంటె
వాళ్ళమ్మ వాని కండ్లు మూసింది.
నేను పిండిముద్ద చేతిల పట్టుకొని
ఎవల పేరు పిలువాల్నో తెల్వక
"హాజీ, ఉప్పు అయిపోవచ్చింది" అన్న.

పిలువకపోవుడు అలవాటైంది.
నాల్గేండ్లు.

అప్పుడు క్రిస్మస్ చందా డబ్బా నా దగ్గరుండె.
చెల్లె కాన్పు కష్టమైందని మెట్‌పల్లి నుంచి ఫోను.
నలభై దినార్లు తీసిన.
రాయలె, చెప్పలె.
వచ్చే జీతంల పెడ్త అనుకున్న.
ఆ జీతం పోయింది, దాని ఎనక జీతమూ పోయింది.
చెల్లె బిడ్డ బడికి పోతున్నది ఇప్పుడు,
నేనే గుడికి పోత లేను.
శుక్రవారం వస్తె డ్యూటీ అన్న, జరమన్న,
బస్సు దొరకలేదన్న.
మనుషులకు చెప్పే అబద్ధానికి తిప్పలుంటది,
దేవునికి చెప్పేది అల్కగ. ఆయన మళ్ళ అడుగడు.
ఆ అడుగకపోవుడే
రాత్రిళ్ళు నా మంచం పక్కన కూసునేది.

నిన్నటి పిండిల నుంచి ఒక ముద్ద దాస్తం మేము,
ఇయ్యాల్టి పిండిని పులియబెట్టేది అదే.
పారేసిన అనుకున్న ముద్ద ఒకటి
నా లోపట పులుస్తనే ఉన్నది.

గ్రూపుల ఒక మెసేజ్:
"ఫ్లైట్లు బంద్. పాస్టరుగారు అక్కడనే చిక్కిండ్రు.
ఆగమనకాలం మొదటి కొవ్వొత్తి ఎవలు ముట్టిస్తరు?"
అందరు చూసిండ్రు. ఒక్కలు పలుకలె.
నేను గూడ పలుకలె.
పొద్దుగాల మాత్రం స్నానం చేసి
నలభై దినార్లు కవర్ల పెట్టి
చంకల ఇరవై రొట్టెలతోని
వంతెన దాటే బస్సెక్కిన.

మనామాల ఆ హాలు ఎనిమిది దాక మలయాళపోళ్ళది,
పది దాక తమిళపోళ్ళది,
ఆ తర్వాత, ఏసీ ఆపేదాక, మాది.
పదకొండు మందిమి.
మార్తవ్వ బల్ల ముందట కొవ్వొత్తులతోని కొట్లాడుతున్నది.
ఊదారంగువి దొరకలేదట,
తెల్లవాటికే రవికె గుడ్డ చింపి చుట్టింది.
మొదటిది నిలబడుత లేదు.
నన్ను చూసి ఆమె ఏమి అడుగలె:
"సీలయ్యా, గీ దాన్ని పట్టు."
రొట్టె నడుమ మెత్తటిది తుంచి
పిసికి అడుగున పెట్టిన.
నిలబడ్డది.

కవరు చాపిన.
ఎందుకో చెప్పబోతె గొంతు రాలె.
ఆమె కవరు ముట్టలె.
లెక్కల బుక్కు తెచ్చి ఎనకకు తిప్పింది, చాన ఎనకకు.
ముసలితనంల నేర్చుకున్న వంకర అక్షరాలు:
నలభై. ముట్టినయి.
అప్పుడు ఆమె జీతం డెబ్బై,
ఎవలింట్లనో గిన్నెలు తోముడు.
"పైసలు ఎన్నడో ముట్టినయి బిడ్డా.
నువ్వే బాకీ ఉన్నవు."

అగ్గిపుల్ల గీసేటప్పుడే
పదకొండు ఫోన్లు ఒక్కసారి అరిసినయి.
అందరం మెట్ల కిందికి ఉరికినం.
తమిళపోళ్ళ ముసలాయన ఒకడు ఇంటికి పోలేదు,
ఆయన గూడ మా నడుమ ఒదిగిండు.
మార్తవ్వ కొవ్వొత్తికి చెయ్యి అడ్డం పెట్టింది,
ఆ ఎలుగుల ఆమె ఏళ్ళు లోపటి నుంచి ఎర్రగైనయి,
తందూరు ముందట నా మొఖం లెక్క.

సైరన్ ఆగినంక వస్తడా ఆయన,
మోగుతుండంగనే వస్తడా, నాకు తెల్వది.
పెద్ద ప్రార్థనలు మరిచిపోయిన.
ఒక్క మాట మిగిలింది, చిన్నది,
చెల్లె బిడ్డ తలుపుకాడ నిలబడి ఫోన్ల అనే మాట.
రా.
అన్న.
ఇంకోసారి అన్న.

బయట అంతా సల్లబడ్డంక
మార్తవ్వ మోకాళ్ళు పట్టుకొని లేసింది.
కవరు ఇంక నా జేబులనే ఉన్నది,
ఎవలకియ్యాల్నో తెల్వది.
"వచ్చే శుక్రవారం రెండోది," అన్నది ఆమె,
"రొట్టె జర మెత్తగ కాల్చుకరా."